ఆటోమేటిక్ ఫీల్డ్ వాచీ తీసుకోవాలా, డైవ్ వాచీ తీసుకోవాలా? కొనేముందు పోల్చి చూసుకునే పద్ధతి

దసరా సెలవులకి మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. సివిల్ ఇంజినీరు, కాకినాడ వైపు సైటులో పని. బోనస్ చేతికొచ్చింది, మంచి ఆటోమేటిక్ వాచీ కొనుక్కోవాలని ఆశ. ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూపించి, "మావయ్యా, ఇది 200 మీటర్లు, అది 100 మీటర్లే. ధర ఇంచుమించు ఒకటే. మరి 200దే కదా తీసుకోవాలి?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేదు. ఒక తెల్లకాగితం, స్కేలు, దారం, పాత శుభలేఖ ఒకటి తెమ్మన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని చేసిన పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. 15 వేల నుంచి 40 వేల రూపాయల మధ్య ఆటోమేటిక్ వాచీ చూస్తున్న ఎవరికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఈ ధరలో వాచీలన్నీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. చేతికి పెట్టుకున్నాకే తేడా తెలుస్తుంది. ఆ తేడాని కొనకముందే పట్టుకోవడం మన పని.

ముందు రెండు మాటలు. ఆటోమేటిక్ అంటే సెల్లు లేని వాచీ. చెయ్యి కదిలినప్పుడు లోపల అర్ధచంద్రాకారపు బరువు ఒకటి తిరిగి స్ప్రింగుకి కీ ఇస్తుంది. నాన్నగారి కాలం హెచ్‌ఎంటీ జనతాకి రోజూ పొద్దున్నే మనం చేత్తో ఇచ్చిన కీ, ఇక్కడ చెయ్యి ఊపే ఇస్తుంది. ఫీల్డ్ వాచీ సైనికుల కోసం పుట్టింది. పెద్ద అంకెలు, శుభ్రమైన డయల్, లోపలి వరసలో 13 నుంచి 24 దాకా గంటలు, గుడ్డ పట్టీ. డైవ్ వాచీ నీళ్లలో దిగేవాళ్ల కోసం వచ్చింది. బ్లాంక్‌పెయిన్ ఫిఫ్టీ ఫాథమ్స్ 1953లో వచ్చింది. సీకో మొదటి డైవ్ వాచీ 1965లో, 150 మీటర్లతో వచ్చింది. అద్దం చుట్టూ తిరిగే వలయం (బెజెల్), దట్టమైన రేడియం, మరతో బిగించే కీ (వాచీ పక్కన ఉండే తిప్పే బొడిపె) దీని గుర్తులు.

మొదటి అడుగు: వాచీ గురించి కాదు, మీ రోజు గురించి రాయండి

కాగితం మీద నాలుగు లైన్లు చాలు. రోజుకి ఎన్ని గంటలు చేతికి ఉంటుంది? నీళ్లు, దుమ్ము, చెమట ఎంత? వారంలో ఎన్ని రోజులు తీసి పక్కన పెడతారు? చీకట్లో టైము చూడాల్సిన అవసరం ఉందా?

మావాడు రాసింది ఇది: రోజుకి పదకొండు గంటలు, సిమెంటు దుమ్ము, వర్షాకాలంలో తడి, ఆదివారం సెలవు, నెలలో కొన్ని రాత్రి షిఫ్టులు. సముద్రంలో డైవింగ్ అన్న మాటే ఆ కాగితంలో లేదు. అయినా చివరికి డైవ్ వాచీ లక్షణాలే అతనికి ఎక్కువ పనికొచ్చాయి. ఎందుకో నీళ్ల దగ్గర చెబుతాను.

రెండో అడుగు: మణికట్టు కొలవండి, శుభలేఖ కత్తిరించండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం.

అందరూ చూసేది వాచీ వెడల్పు: 38, 40, 42 మిల్లీమీటర్లు. కానీ వాచీ చేతి మీద ఎలా కూర్చుంటుందో చెప్పేది ఆ అంకె కాదు. పట్టీ బిగించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉన్న పొడవు చెబుతుంది. వాచీల వాళ్లు దీన్ని లగ్ టు లగ్ అంటారు. ఈ పొడవు మణికట్టు పైభాగం దాటితే కొమ్ములు అంచుల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి. పట్టీ కింద ఖాళీ వస్తుంది. వాచీ అటూ ఇటూ జారుతుంది.

దారంతో మణికట్టు చుట్టుకొలత తీయండి. తర్వాత చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, పైన చదునుగా ఉన్న భాగం ఒక అంచు నుంచి రెండో అంచుకి ఎంతుందో స్కేలుతో చూడండి. మావాడి చుట్టుకొలత ఆరుంపావు అంగుళాలు, చదును భాగం 50 మిల్లీమీటర్లు.

ఇప్పుడు శుభలేఖ. ఆ మందపాటి అట్ట నుంచి ఒక్కో వాచీకి ఒక్కో ముక్క, దాని లగ్ టు లగ్ పొడవుకి సరిగ్గా కత్తిరించండి. ముక్కని చేతి మీద పెట్టి, రెండు చివరలూ వేళ్లతో కిందికి నొక్కండి. చివరలు చర్మాన్ని తాకితే సరిపోయింది. గాల్లో తేలితే ఆ వాచీ మీది కాదు.

మావాడికి ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇది. సీకో 5 స్పోర్ట్స్‌లో ఫీల్డ్ రకం ఎస్ఆర్‌పీజీ27 వెడల్పు 39.4 మిల్లీమీటర్లు. డైవ్ పోలికలో చేసిన ఎస్ఆర్‌పీడీ55 వెడల్పు 42.5. చిన్నది ఫీల్డ్ వాచీయే కదా అనుకుంటాం. కానీ లగ్ టు లగ్ చూస్తే ఫీల్డ్‌ది 48.1, రెండోదానిది 46 మాత్రమే. అంటే పెద్దదిగా కనిపించేదే సన్నటి చేతి మీద బాగా ఒదుగుతుంది. 48 ముక్క మావాడి చేతి మీద అంచులదాకా వచ్చి ఆగింది. 46 ముక్క హాయిగా కూర్చుంది. ఆ అట్టముక్క చూపించినంత స్పష్టంగా ఏ ఫొటో చూపించదు.

మందం కూడా రాసుకోండి. ఈ ధరలో చాలావరకు 12 నుంచి 13.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. ఆఫీసుకి ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవాళ్లకి 13 దాటితే కఫ్ కింద ఇరుక్కుంటుంది. అలాంటివాళ్లు సీకో 5లోనే తిరిగే బెజెల్ లేని ఎస్ఆర్‌పీఈ వరసని చూడొచ్చు. వెడల్పు 40, మందం 11.5. చెయ్యి మరీ సన్నమైతే ఫీల్డ్ రకంలో 36.4 మిల్లీమీటర్లది కూడా ఉంది. ఆడపిల్లలకీ అది చక్కగా ఉంటుంది.

మూడో అడుగు: నీళ్ల అంకెలు చదవడం

డయల్ మీద 50 మీటర్లు అని ఉంటే 50 మీటర్ల లోతుకి దిగొచ్చని అర్థం కాదు. కొత్తగా ఉన్నప్పుడు, కదలకుండా, అంత ఒత్తిడిని పరీక్షలో తట్టుకుందని అర్థం. రోజువారీ లెక్క ఇలా పెట్టుకోండి: 30 అంటే చేతులు కడుక్కోవడం, వాన చినుకులు. 50 అంటే కాసేపు నీళ్లలో తడిసినా ఫర్వాలేదు. 100 అంటే ఈత. 200 అంటే ఈత, దూకడం, డైవింగ్ కూడా. సరదాగా డైవింగ్ చేసేవాళ్ల హద్దే 40 మీటర్లు. కాబట్టి 200, 300 అన్న అంకెల మధ్య తేడాకి డబ్బు పెట్టక్కర్లేదు.

అసలు డైవ్ వాచీకి ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది. కనీసం 100 మీటర్లు ఉండాలి. రాసిన ఒత్తిడికి 25 శాతం ఎక్కువ పెట్టి ప్రతి వాచీనీ విడివిడిగా పరీక్షించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. ఈ ప్రమాణం అందుకున్న వాచీ డయల్ మీద మీటర్లతోపాటు డైవర్స్ అన్న మాట ఉంటుంది. ఉత్త వాటర్ రెసిస్ట్ అని ఉంటే అది నీళ్లకి తట్టుకునే వాచీ, అంతే. సీకో ఎస్‌కేఎక్స్007 ఐఎస్ఓ డైవ్ వాచీ. దాని రూపురేఖలతో 2019లో వచ్చిన ఎస్ఆర్‌పీడీ వరస 100 మీటర్లది, కీకి మర ఉండదు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పని వేరు. సిటిజెన్ ప్రోమాస్టర్ ఎన్‌వై0040 200 మీటర్ల అసలు డైవ్ వాచీ. దాని కీ ఎనిమిది గంటల దగ్గర ఉంటుంది కాబట్టి మణికట్టు వంచితే గుచ్చుకోదు.

మావాడి విషయంలో నాకు ముఖ్యమనిపించింది లోతు కాదు, మర కీ. మామూలు కీని లాగితే వస్తుంది, నొక్కితే పోతుంది. మర కీని తిప్పి బిగించాలి. బిగించాక నీళ్లతోపాటు సిమెంటు దుమ్ముకీ ఆ దారి గట్టిగా మూసుకుంటుంది. డైవ్ పోలికలో ఉండే ఓరియంట్ కమాసుకి మర కీ ఉంది, 200 మీటర్లు. దాని మీద డైవర్స్ అన్న మాట లేదు, అయినా సైటుకి అది సమస్యే కాదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నా పాత వాచీ 100 మీటర్లది. ఫాస్టుగా పోతోందని ఒక షాపులో వెనకమూత తీయించి సరిచేయించాను. మూత కింద రబ్బరు వాషరు మళ్లీ సరిగ్గా కూర్చోలేదు. రెండు వారాల తర్వాత గోదావరిలో మునిగి లేచేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎండితే పోతుందిలే అని ఊరుకున్నాను. నాలుగో రోజుకి ముళ్ల మొదట్లో గోధుమరంగు మచ్చ వచ్చింది. అప్పటినుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. మూత తీసిన ప్రతిసారీ ప్రెషర్ టెస్ట్ అడిగి చేయించుకుంటాను, అది లేని చోట మూత తీయనివ్వను. ఆవిరి కనబడితే అదే రోజు విప్పిస్తాను. బియ్యం డబ్బాలో పెడితే లోపలి తడి పోదు.

వేడినీళ్ల స్నానానికి ఎన్ని మీటర్ల వాచీ అయినా తీసేయండి. వేడి, సబ్బు రెండూ రబ్బరు వాషర్లకి శత్రువులే. విశాఖలోనో సూర్యలంకలోనో సముద్రంలో దిగితే, బయటికి రాగానే మంచినీళ్లతో కడగండి.

నాలుగో అడుగు: లోపలి మిషన్

ఈ ధరలో మూడు నాలుగు మిషన్లే పదేపదే కనబడతాయి కాబట్టి వాటిని గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

సీకో 7ఎస్26 పాతది. ఎంతో మంది ఇష్టపడిన చిన్న ఫీల్డ్ వాచీ ఎస్ఎన్‌కే809లోనూ, ఎస్‌కేఎక్స్‌లోనూ అదే. గట్టిది, కానీ చేత్తో కీ ఇవ్వలేం, టైము పెట్టేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. ఇప్పటి సీకో 5లో ఉన్న 4ఆర్36లో రెండు సౌకర్యాలూ ఉన్నాయి. దాని దగ్గరి బంధువు ఎన్‌హెచ్35ని సీకో బయటి కంపెనీలకి అమ్ముతుంది. అందుకే పేరు తెలియని చిన్న బ్రాండ్లలో కూడా అది కనబడుతుంది. ఓరియంట్ ఎఫ్6922లోనూ చేత్తో కీ, ఆగే ముల్లు ఉన్నాయి. ఓరియంట్, సీకో ఒకటే అని షాపుల్లో అంటుంటారు. ఓరియంట్ సీకో ఎప్సన్ కిందకి వస్తుంది, మిషన్లు మాత్రం తనవే. సిటిజెన్ వాళ్ల మియోటా 8000 వరస కూడా మన్నికైనదే. ఇవన్నీ గంటకి 21,600 సార్లు, అంటే సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటాయి. మియోటా 9015 సెకనుకి ఎనిమిదిసార్లు. ముల్లు ఇంకాస్త నునుపుగా జారుతుంది, ధర కొంత ఎక్కువ.

టైము కచ్చితత్వం గురించి ముందే మనసు సిద్ధం చేసుకోండి. 4ఆర్36కి కంపెనీ ఇచ్చే మాట రోజుకి 45 సెకన్లు ఫాస్ట్ నుంచి 35 సెకన్లు స్లో దాకా. ఎఫ్6922కి 25 ఫాస్ట్, 15 స్లో. చాలా వాచీలు ఇంతకంటే బాగానే నడుస్తాయి. కానీ 40 సెకన్లు ఫాస్ట్ పోయే సీకో కూడా కంపెనీ లెక్క ప్రకారం సరైనదే. వారంటీలో మార్చరు. నిమిషం కూడా తేడా రాకూడదు అనుకునేవాళ్లు సెల్లు వాచీయే కొనుక్కోవాలి. ఆ మాట చెప్పడంలో నాకు మొహమాటం లేదు.

నిల్వ కూడా చూడండి, అంటే నిండా కీ పడ్డాక చేతి నుంచి తీసినా ఎన్ని గంటలు నడుస్తుందో. వీటిలో చాలావాటికి 40 గంటలు. శుక్రవారం రాత్రి 8కి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆగుతుంది. సోమవారం పొద్దున మళ్లీ టైము, తేదీ పెట్టుకోవాలి. హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ ఆటోకి, టిసో పవర్‌మేటిక్‌కి 80 గంటలు. శుక్రవారం తీస్తే సోమవారమూ నడుస్తూనే ఉంటుంది. కానీ అవి మనం పెట్టుకున్న బడ్జెట్ పైన ఉంటాయి. వారానికి ఒక్కరోజే తీసేవాళ్లకి 40 గంటలు చాలు.

ఐదో అడుగు: అద్దం, రేడియం, బెజెల్

సఫైర్ అద్దం మీద ఇసుక గీత పడదు, కానీ రాతినేల మీద పడితే పగలొచ్చు. సీకో వాడే హార్డ్‌లెక్స్ గట్టిపరిచిన మినరల్ అద్దం. గీతలు పడతాయి, దెబ్బకి కాస్త ఓర్చుకుంటుంది. సైటులో, బండి మీద, గోడలకి చెయ్యి రాసుకునేవాళ్లకి నేను సఫైర్ చెబుతాను. కమాసుకి ఈ ధరలోనే సఫైర్ రావడం దాని పెద్ద బలం.

రేడియం అని మనం అలవాటుగా అంటాం కానీ ఇప్పటి వాచీల్లో అది ఉండదు. వెలుతురు పీల్చుకుని చీకట్లో వదిలే పొడి అది. షాపులో టార్చి పది సెకన్లు కొట్టి, అరచేతులతో మూసి చూడండి. ఫీల్డ్ వాచీల్లో కొన్నిటికి ముళ్లకే ఉంటుంది, అంకెలకి ఉండదు. రాత్రి షిఫ్టు వాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

డైవ్ బెజెల్ ఒక్క వైపే, ఎడమకే తిరుగుతుంది. నీళ్లలో దేనికైనా తగిలి కదిలినా, గడిచిన టైము ఎక్కువగానే చూపిస్తుంది కాబట్టి మనిషి ముందే పైకొస్తాడు. ప్రాణం కాపాడే ఆలోచన అది. నేల మీద కూడా రోజూ వాడుకోవచ్చు. మిక్సర్ లారీ వచ్చిన క్షణంలో బెజెల్ మీది చుక్కని నిమిషాల ముల్లు ఎదురుగా పెడితే, కాంక్రీట్ వచ్చి ఎన్ని నిమిషాలైందో చూపుకే తెలుస్తుంది. మావాడికి ఫోను తీయక్కర్లేదు, చేతులకి సిమెంటు ఉన్నా ఫర్వాలేదు. అతని మనసు డైవ్ వాచీ వైపు తిరిగింది అక్కడే. సాయంత్రం కుళాయి కింద బెజెల్ తిప్పుతూ కడగడం మాత్రం మానకూడదు, లేకపోతే దుమ్ము చేరి బిగుసుకుపోతుంది.

ఫీల్డ్ వాచీ గెలిచే చోటు చదవడం. బస్సు కుదుపులో, మసక వెలుతురులో, కళ్లజోడు లేకుండా 12 అంకెలూ కనబడటం చిన్న సుఖం కాదు. నలభై దాటినవాళ్లకి నేను మొదట చూపించేది ఫీల్డ్ వాచీయే.

ఆరో అడుగు: రిపేరు ఎక్కడ?

కొనకముందే మీ ఊరికి దగ్గరలో ఉన్న సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, ఆ మిషన్ పూర్తి సర్వీసుకి ఎంత, ఎన్ని రోజులు అని అడగండి. ఐదారేళ్లకోసారి ఆ ఖర్చు వస్తుంది. డాలస్ నుంచి అన్నయ్య తెచ్చే వాచీ చవగ్గా ఉంటుంది నిజమే, కానీ ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కార్డు మీద చదివి, ఇక్కడి సర్వీస్ సెంటర్‌ని కూడా అడిగి తేల్చుకోండి.

పాతవి కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. వెయ్యి, రెండు వేలకి ఆన్‌లైన్‌లో తళతళలాడే రంగులతో దొరికే పాత సీకో 5లు, హెచ్‌ఎంటీ పైలట్లు చాలావరకు డయల్ మళ్లీ రంగు వేసినవి. ముద్ర మందంగా, అక్షరాలు వంకరగా ఉంటాయి. సీకో అయితే వెనకమూత మీద నంబరు చూడండి. గీతకి ముందున్న నాలుగు అక్షరాలు మిషన్ పేరు, 7ఎస్26 లాగా. డయల్ అడుగున కంటికి కనీకనబడనంత చిన్న అక్షరాల్లో కూడా అదే మొదలవ్వాలి. సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అమ్మేవాడు 2015 అంటే మొదటిది 5 కావాలి.

ఏడో అడుగు: కౌంటర్ దగ్గర పది నిమిషాలు

ఫైనల్‌గా మిగిలిన రెండు వాచీలనీ ఒకేసారి అడగండి. ఒక్కో చేతికి ఒకటి పెట్టుకుని, అద్దంలో చూసుకోండి. మనకి పై నుంచి పెద్దగా కనిపించేది ఎదుటివాళ్లకి మామూలుగానే ఉంటుంది. మణికట్టు వెనక్కి వంచి కీ గుచ్చుకుంటుందేమో చూడండి. 12 దగ్గర బెజెల్ చుక్క, డయల్ గుర్తు ఒకే గీతలో ఉన్నాయా చూడండి. ఈ ధరల్లో అర గీత తేడాలు వస్తాయి, ఇంకో పీస్ తీయమని అడగడానికి సంకోచించకండి. కీ లాగి సెకన్ల ముల్లు ఆగుతుందో లేదో చూడండి. తేదీ మార్చి చూడాలంటే ముళ్లు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్య లేకుండా ముందుగా జరపండి. ఆ వేళల్లో తేదీ పళ్లచక్రాలు పట్టుకుని ఉంటాయి, బలవంతంగా తిప్పితే పన్ను విరుగుతుంది. చైను వద్దు, గుడ్డ పట్టీయే కావాలి అనుకుంటే పట్టీ వెడల్పు కొలిచి రాసుకోండి. 20, 22 మిల్లీమీటర్లకి పట్టీలు ఎక్కడైనా దొరుకుతాయి.

ఎనిమిదో అడుగు: మొదటి నెల

ఇంటికొచ్చాక కీని ఓ ముప్పైసార్లు తిప్పి, ఫోన్ టైముకి సెకన్లతో సహా కలపండి. రోజూ ఒకే వేళకి తేడా రాయండి. రాత్రి ఒక వారం డయల్ పైకి, ఇంకో వారం కీ పైకి పెట్టి పడుకోబెట్టండి. భంగిమని బట్టి స్పీడు మారుతుంది. పగలు పోయిన ఫాస్టుని రాత్రి పెట్టే తీరుతోనే కొంత సర్దుకోవచ్చు. ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ఫాస్టుగా పోతే కంగారుపడకండి. స్పీకరు దగ్గరో, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ దగ్గరో పెట్టి ఉంటారు. డీమాగ్నెటైజ్ చేసే, అంటే ఆ అయస్కాంత ప్రభావం తీసేసే, యంత్రం ఉన్న షాపులో నిమిషం పని.

మావాడు కమాసు తీసుకున్నాడు, నీలం డయల్‌ది. లగ్ టు లగ్ 46.8, అతని 50లో ఇమిడింది. దీపావళి తర్వాత ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. వాచీది కాదు, మేము రాసుకున్న ఆ కాగితం వెనకవైపుది. ముప్పై రోజుల అంకెలు వరసగా ఉన్నాయి. డయల్ పైకి పెట్టిన రాత్రులు రోజుకి 9 సెకన్లు ఫాస్ట్, కీ పైకి పెట్టినవి 4. కింద చిన్నగా రాశాడు: "కీ పైకే పెడుతున్నా, మావయ్యా."